పట్టా కాదు, కౌలు

గత నెల జురాంగ్ ఈస్ట్‌లో ఒక సభ్యుని ఇంట్లో మనం కలుసుకున్నప్పుడు, కాఫీలు అయిన తరువాత, ఒక మిత్రుడు తన సంచిలోంచి నాలుగు పేజీల ఫారం ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన పనిచేసేది మెమరీ చిప్పులు తయారుచేసే ఒక కర్మాగారంలో. ఆయన కనిపెట్టిన ఒక పద్ధతికి పేటెంటు తీసుకోవాలని సంస్థ నిర్ణయించింది. ఫారం అంతా నింపాడు గాని, ఒక్క గడి దగ్గర కలం ఆగిపోయిందట. ఆ గడిలో అడిగింది చిన్న ప్రశ్నే: కనిపెట్టినవారి పేర్లు?

సంగతి ఇదీ. ఆయన చూసుకునే యంత్రంలో అప్పుడప్పుడు కొన్ని వేఫర్లు, అనగా చిప్పులు చెక్కే సిలికాన్ బిళ్లలు, చెడిపోతూ ఉండేవి. కారణం నెలల తరబడి తేలలేదు. రాత్రి షిఫ్టులో పనిచేసే టెక్నీషియన్ ఒకడు, జొహోర్ నుంచి రోజూ సరిహద్దు దాటి వచ్చే కుర్రవాడు, ఒకనాడు మాటవరసకు అన్నాడట: "యంత్రం కొంతసేపు ఖాళీగా ఉన్న తరువాత వేసే మొదటి రెండు మూడు బిళ్లలే పోతున్నాయి సార్. అందుకని నేను ముందు రెండు పాత బిళ్లలు వేసి, ఆ తరువాతే అసలువి వేస్తున్నాను" అని. అక్కడి నుంచి మన మిత్రుడు కారణం వెతికాడు. లెక్కలు కట్టాడు. ఏ వాయువును ఎంతసేపు పంపితే ఆ పాత బిళ్లల అవసరమే లేకుండా పోతుందో తేల్చాడు. ఆరు నెలల శ్రమ. ఇప్పుడు ఆ గడిలో ఒక పేరు రాయాలా, రెండు రాయాలా?

"చట్టం ప్రకారం ఒకటే" అన్నారు కొందరు. "న్యాయం ప్రకారం రెండు" అన్నారు మరికొందరు. "అసలు ఆలోచనకు కంచె వేయడమే అన్యాయం, ఒక్క పేరూ వద్దు" అన్నారు ఒక పెద్దాయన. మాటలు కొంచెం వేడెక్కాయి. పొద్దుపోయి అందరూ రైలుకు లేచారు గాని ప్రశ్న మాత్రం బల్ల మీదే ఉండిపోయింది. దానిని ఈ పేజీల్లో తీరికగా విచారించమని సభ్యులు కోరినందున ఈ నాలుగు మాటలు రాస్తున్నాము. తీర్పు చెప్పే అర్హత మాకున్నదని కాదు. తీర్పు చెప్పుకోవలసిన అవసరం మనలో చాలామందికి ఉన్నదని.

ముందుగా పేటెంటు అంటే ఏమిటో చూద్దాము. మనలో చాలామంది దానిని పొలం పట్టా వంటిదనుకుంటారు. నేను కనిపెట్టాను కాబట్టి ఇది నాది, నా తరువాత నా పిల్లలది అన్నట్టు. అది పొరపాటు. పేటెంటు అనే మాట లాటిన్ నుంచి వచ్చింది. దానికి అర్థం తెరచి ఉన్నది అని. రాజుగారు ముద్ర వేసి, మడత పెట్టకుండా, అందరూ చదువుకునేట్టు ఇచ్చే లేఖకు ఆ పేరు. అందులో ఉన్నది ఒక ఒప్పందం. "నీకు తెలిసిన రహస్యం దాచుకోకుండా లోకానికి చెప్పు, చెప్పినందుకు కొన్నేళ్లపాటు నీ అనుమతి లేకుండా మరొకరు దానిని వాడకుండా చూస్తాము" అని సమాజం చేసే వాగ్దానం. ఈ రోజు చాలా దేశాల్లో ఆ గడువు దరఖాస్తు పెట్టిన నాటి నుంచి 20 ఏళ్లు. గడువు తీరాక అది అందరిదీ. కనుక ఇది పట్టా కాదు, కౌలు. భూమి సమాజానిది, దున్నుకునే హక్కు కొంతకాలం ఒకరిది. కౌలుదారు ఇంకొకరిని దున్నుకోనిచ్చి కొంత పుచ్చుకుంటే దానికి లైసెన్సు అని పేరు.

కౌలు అని ఒప్పుకున్న తరువాత రెండు ప్రశ్నలు తప్పవు. ఈ కౌలుకు సమాజానికి ముట్టినదేమిటి? కౌలు ఎవరి పేర ఉన్నది, దున్నినవాడెవరు? ఈ రెండింటికీ మన మిత్రుడు పనిచేసే ఫ్లాష్ మెమరీ పరిశ్రమ చరిత్రలోనే జవాబులు వెతుక్కోవచ్చును.

ఫ్లాష్ మెమరీ అంటే కరెంటు తీసేసినా మరచిపోని చిప్పు. మన జేబులోని ఫోనులో ఫొటోలు నిలిచేది దానిలోనే. చుట్టూ విద్యుత్తు దూరని పొర కట్టిన ఒక చిన్న అరలో కొన్ని ఎలక్ట్రాన్లను బంధించి ఉంచడం దీని కిటుకు. ఆ అర ఆలోచన 1967లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డావన్ కాంగ్, సైమన్ జీ అనే ఇద్దరు చేశారు. ఒకరు సియోల్‌లో పుట్టినవారు, ఇంకొకరు నాంజింగ్‌లో పుట్టినవారు. 1971లో ఇంటెల్ సంస్థలో డోవ్ ఫ్రోమన్ దానితో చెరిపి మళ్లీ రాయగలిగే చిప్పు చేశాడు. అయితే చెరపాలంటే చిప్పును ఊడదీసి అతినీలలోహిత దీపం కింద కొన్ని నిమిషాలు పెట్టవలసి వచ్చేది. ఆ తరువాత విద్యుత్తుతోనే చెరిపే చిప్పులు వచ్చాయి గాని, వాటిలో ప్రతి అక్షరాన్నీ విడివిడిగా చెరపాలి. అందువల్ల చిప్పు పెద్దదై, ఖరీదు పెరిగింది.

అప్పుడు జపానులో తోషిబా సంస్థలో పనిచేసే ఫుజియో మసువోకాకు ఒక ఆలోచన వచ్చింది. పలక మీద ఒక్కొక్క అక్షరం ఎందుకు తుడవడం? తడిగుడ్డతో పలకంతా ఒక్కసారి తుడిచేస్తే సరిపోదా? మన పిల్లలందరికీ తెలిసిన పని. కాని అలా చేస్తే చిప్పు ఎంత చిన్నదవుతుందో, ఎంత చవకవుతుందో ఆయన చూశాడు. కెమెరా ఫ్లాష్ వెలిగినట్టు ఒక్క క్షణంలో చెరిగిపోతుంది కాబట్టి సహోద్యోగి అరిజుమీ దానికి ఫ్లాష్ అని పేరు సూచించాడు. 1984లో మసువోకా తన పనిని అమెరికాలో ఇంజనీర్ల సభకు వివరించాడు. 1987లో ఇంకా పొందికైన నాండ్ అనే అమరికను ప్రకటించాడు. ఈ రోజు లోకం జేబులో ఉన్నది ముఖ్యంగా ఆ నాండ్ మెమరీయే.

ఆయన సంస్థ మొదట దీనిని పెద్దగా పట్టించుకోలేదు. ముందుగా గుర్తుపట్టి 1988లో బజారులో పెట్టింది ఇంటెల్. అదే ఏడాది అమెరికాలో ఎలీ హరారీ, మన దేశంలో పుట్టిన సంజయ్ మెహ్రోత్రా, జాక్ యువాన్ కలిసి సన్‌డిస్క్ అనే చిన్న సంస్థ పెట్టారు. తరువాత దాని పేరు శాన్‌డిస్క్ అయింది. వారు ఎక్కువగా పేరుకున్నది పేటెంట్లు. 1992లో తోషిబా తన నాండ్ రూపకల్పనను కొరియాలోని శాంసంగ్‌కు లైసెన్సు ఇచ్చింది. బజారు పెరగాలంటే సరుకు అమ్మేవారు ఇద్దరుండాలి గదా అనుకున్నారు. చివరకు ఆ రెండవవారే మొదటివారిని మించిపోయారు. 1995లో శాన్‌డిస్క్ శాంసంగ్ మీద దావా వేసింది. 1997లో రాజీపడి ఒకరి పేటెంట్లు ఒకరు వాడుకునేట్టు ఒప్పందం రాసుకున్నారు.

ఈ ఒప్పందాలను మనం కాస్త గమనించాలి. ఒక్కొక్క చిప్పులో వేల పేటెంట్లు ముడిపడి ఉంటాయి. ఎవరూ ఇంకొకరి గట్టు తొక్కకుండా తన చేలోకి పోలేరు. అందుచేత పెద్దవారు ఒకరికొకరు దారి వదులుకుంటారు. వారి మధ్య పేటెంటు పంట కాదు, గట్టు తగాదా రాకుండా ఉంచుకునే కర్ర. కర్ర లేనివాడు మాత్రం దారికి సుంకం కట్టాలి. కనిపెట్టినవాడికి బహుమానంగా మొదలైన ఏర్పాటు, ఇలా పెద్దవారి మధ్య శాంతికీ, చిన్నవారి మీద పన్నుకూ సాధనమైంది. ఇందులో నేరం ఏమీ లేదు. కాని మొదటి ఒప్పందంలో ఉన్న న్యాయం ఇందులో ఎంత మిగిలిందని అడగడం మన హక్కు.

మసువోకా సంగతి ఏమైంది? తన ఆవిష్కరణకు సంస్థ నుంచి ముట్టినది చాలా కొద్ది అని ఆయన ఫిర్యాదు. 1994లో సంస్థను వదిలి తొహోకు విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. 2004లో కోర్టుకెక్కి 100 కోట్ల యెన్లు అడిగాడు. 2006లో 8 కోట్ల 70 లక్షల యెన్లకు రాజీ కుదిరింది. ఆయనకు కోర్టు మెట్లెక్కే వీలు ఎందుకు కలిగిందంటే, ఉద్యోగి తన ఆవిష్కరణను సంస్థకు అప్పగించినా తగిన ప్రతిఫలం అడగవచ్చునని జపాను పేటెంటు చట్టం 35వ విభాగంలో ఉండేది. నీలి దీపం కనిపెట్టిన షూజీ నాకమురాకు ఆ విభాగం కిందే 2004లో టోక్యో కోర్టు 2,000 కోట్ల యెన్లు ఇమ్మన్నది. 2005లో దాదాపు 84 కోట్లకు రాజీ అయింది. సంస్థలు బెదిరిపోయాయి. 2015లో చట్టాన్ని సవరించి, సంస్థ ముందే నియమం పెట్టుకుంటే ఆవిష్కరణ హక్కు మొదటి నుంచీ సంస్థదే అయ్యేట్టు చేశారు. ఇక సింగపూరులో ఉద్యోగ ధర్మంలో భాగంగా కనిపెట్టినది యజమానిదే. మనలో ఎందరో ఉద్యోగంలో చేరిన మొదటి రోజున, మొదటి నెల జీతం ఆలోచనలో ఉండి, చదవకుండా సంతకం పెట్టిన కాగితాల్లో ఆ మాటే ఉంటుంది.

సొమ్మొకడిది, సోకొకడిది అని మన సామెత. ఇక్కడ ఆ సామెత అచ్చంగా వర్తిస్తుందని చప్పట్లు కొట్టవచ్చు. కాని తొందరపడరాదు. సంస్థ పక్షాన కూడా మాట ఉన్నది. పాలేరుకు ఏడాది జీతం గింజలు ముందే కుదురుతాయి. పంట పండినా, ఎండినా అతని గింజలు అతనికి కొలవాలి. పండిన ఏడు మాత్రం రాశిలో వాటా ఇమ్మంటే, ఎండిన ఏడు నష్టంలో వాటా పంచుకుంటావా అని రైతు అడగడా? మసువోకా వెనుక ఒక ప్రయోగశాల ఉన్నది, దానికి డబ్బు పెట్టినవారున్నారు, ఫలించని ఆలోచనల మీద ఏళ్ల తరబడి జీతాలు తీసుకున్న ఇంజనీర్లు ఉన్నారు. ఆ మాటా నిజమే. అయినా జీతం ఇచ్చి కొనుక్కునేది ఒకరి కాలాన్ని, శ్రమను. ఒక మనిషికి ఒక క్షణంలో తట్టిన చూపును ముందే వెల కట్టి కొనడం ఎలాగన్నది తేలని ప్రశ్న. లెక్క ఎటు తేలినా, రాశి ఊహించనంత పెద్దదైనప్పుడు కళ్లంలో నిలబడ్డ పాలేరుకు నాలుగు కుంచాలు ఎక్కువ కొలిచే రైతునే ఊరు మంచివాడంటుంది. చట్టం బలవంతం చేయకపోవచ్చు. ఊరి మాట మాత్రం ఉంటుంది.

ఇక సమాజానికి ముట్టినదేమిటన్న మొదటి ప్రశ్నకు వస్తే, దాని ఉదాహరణ మన ఇంటి దగ్గరే ఉన్నది. జురాంగ్ ఈస్ట్ స్టేషను నుంచి నడిచిపోగలిగిన దూరంలో ఇంటర్నేషనల్ బిజినెస్ పార్క్ ఉన్నది. క్రియేటివ్ టెక్నాలజీ సంస్థ ప్రధాన కార్యాలయం ఏళ్ల తరబడి అక్కడే ఉండేది. సిమ్ వోంగ్ హూ 1981లో చైనాటౌన్‌లో చిన్న దుకాణంగా మొదలుపెట్టిన సంస్థ అది. 1989లో వారు తెచ్చిన సౌండ్ బ్లాస్టర్ కార్డుతోనే లోకంలోని కంప్యూటర్లు చాలావరకు నోరు విప్పాయి. ఆయన 2023 జనవరిలో కాలం చేశాడు. ఆయన ఒక మాటకు పేరుపొందాడు: ఇతర దేశాల్లో వద్దని బోర్డు లేకపోతే కారు వెనక్కు తిప్పుకోవచ్చు, సింగపూరులో తిప్పుకోవచ్చునని బోర్డు ఉంటేనే తిప్పుకోవాలి, అనుమతి కోసం కాచుకు కూర్చునే ఈ అలవాటు కొత్త ఆలోచనలను చంపుతుంది అన్నది దాని సారాంశం.

2000లో ఈ సంస్థ వేల పాటలు పట్టే నోమాడ్ జూక్‌బాక్స్ అనే పాటల పెట్టెను తెచ్చింది. 2001 జనవరిలో ఒక పేటెంటుకు దరఖాస్తు పెట్టింది. అందులోని ఆలోచన ఇది: చిన్న తెర మీద వేల పాటల్లో ఒకటి వెతకాలంటే, ముందు గాయకుని పేరు, దాని లోపల ఆల్బం, దాని లోపల పాట, ఇలా మెట్లు మెట్లుగా చూపించడం. 2001 అక్టోబరులో ఆపిల్ ఐపాడ్ వచ్చింది. 2005 ఆగస్టులో క్రియేటివ్‌కు పేటెంటు దక్కింది. ఆ ఏడాదే ఆపిల్ డిస్కు తీసేసి ఫ్లాష్ మెమరీతో ఐపాడ్ నానో తెచ్చి, మెమరీ తయారీదారులు ఐదుగురికి ముందుగానే 125 కోట్ల డాలర్లు కట్టి 2010 దాకా సరుకు కట్టించుకున్నది. క్రియేటివ్ బజారులో వెనుకబడింది. 2006 మే నెలలో దావా వేసింది; ఆపిల్ ఎదురు దావాలు వేసింది. ఆగస్టులో ఆపిల్ 10 కోట్ల డాలర్లు ఇచ్చి లైసెన్సు తీసుకున్నది.

ఆనాడు ఇక్కడ చాలామందికి గర్వం కలిగింది. చిన్న దేశపు సంస్థ మహా సంస్థ చేత తలవంచించింది గదా! ఆ గర్వాన్ని మేము తప్పు పట్టము. కాని కథ అక్కడ ఆగలేదు. 2016లో క్రియేటివ్ అదే పేటెంటును పట్టుకుని ఫోనులు చేసే పలు సంస్థల మీద అమెరికా అంతర్జాతీయ వాణిజ్య సంఘం ముందు ఫిర్యాదు చేసింది. అక్కడి న్యాయమూర్తి విచారించి, వస్తువులను వరుస కట్టి అరల్లో సర్దడమన్నది కేవలం భావన, పేటెంటు ఇవ్వదగిన ఆవిష్కరణ కాదని తేల్చాడు. సంఘం కూడా అదే నిలబెట్టింది. ఒకే కాగితం. 2006లో దాని ఖరీదు 10 కోట్ల డాలర్లు. 2016లో అది కాగితం. మధ్యలో మారినది ఆవిష్కరణ కాదు, అమెరికా న్యాయస్థానాల చూపు. అనుమతి కోసం కాచుకోవద్దని చెప్పిన పెద్దమనిషి సంస్థే, మెట్లు మెట్లుగా పాటలు చూపించాలంటే మా అనుమతి తీసుకోండి అన్నది. ఇది ఎగతాళి కాదు. పోటీలో పడ్డవారెవరైనా ఆ పనే చేస్తారు. కాని ఆ కాగితం ద్వారా లోకానికి తెలియనిదేదైనా తెలిసిందా? మన అమ్మమ్మలు పప్పుల డబ్బాలు, పోపుల పెట్టె, దాని లోపల గిన్నెలు సర్దుకున్న తీరుకు అది ఎంత దూరం? ఈ ప్రశ్నకు 2006లోనే జవాబు వెతికి ఉండవలసింది.

రెండవ ఉదాహరణ కూడా సింగపూరుదే. మెమరీ చిప్పును నేరుగా యూఎస్‌బీ మొనకు తగిలించిన బొటనవేలంత సాధనాన్ని 2000లో ట్రెక్ 2000 సంస్థ థంబ్‌డ్రైవ్ పేరుతో తెచ్చింది. పేటెంటు పట్టుకుని ఇక్కడ కోర్టుకు వెళ్లింది. 2005లో హైకోర్టు, ఆ తరువాత అప్పీలు కోర్టు దాని పక్షాన తీర్పు చెప్పాయి. అదే పేటెంటు బ్రిటన్‌లో నిలబడలేదు. ఇస్రాయెల్‌లో ఎం-సిస్టమ్స్, చైనాలో నెటాక్ అనే సంస్థలు కూడా ఇంచుమించు అదే కాలంలో ఆ రకపు సాధనానికి తమ తమ పేటెంట్లు పొందాయి. ఎవరు ఎవరిని చూసి చేశారని వాదించుకోవడం కన్నా, మాకు తోచేది ఇది: చిప్పు చవకైంది, ఆ మొన ప్రతి కంప్యూటరుకూ వచ్చింది, ఫ్లాపీ బిళ్లలు చాలడం లేదు. చెరువు నిండితే నీరు ఏదో ఒక తూము నుంచి వస్తుంది. మొదట తూము ఎత్తినవానికి మెప్పు దక్కవలసిందే. కాని చెరువు నింపిన వాన తనదనరాదు.

పేటెంటు మీద మన తెలుగువారికి ఒక మాట ఎక్కువగా చెప్పుకునే అర్హత ఉన్నది. ఎందుకంటే మనం రెండు వైపులా తిన్నాము. భారత దేశపు 1970 పేటెంటు చట్టం 1972లో అమలుకు వచ్చింది. మందులో ఉన్న పదార్థానికి పేటెంటు ఉండదు, తయారుచేసే పద్ధతికే ఉంటుంది అన్నది. ఆ నియమం నీడన హైదరాబాదు పెరిగింది. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. హెటెరో, అరబిందో వంటి సంస్థల ఎయిడ్స్ మందులు పేద దేశాలకు చవకగా చేరాయి. విదేశీ సంస్థలు దానిని దొంగతనమన్నాయి. మనం స్వావలంబన అన్నాము. అదే డాక్టర్ రెడ్డీస్ 1997లో తాము సొంతంగా కనిపెట్టిన చక్కెరవ్యాధి మందు అణువుకు డెన్మార్కు సంస్థ నోవో నార్డిస్క్‌కు లైసెన్సు ఇచ్చినప్పుడు మనమే మొదట సంతోషించాము. 2005లో పదార్థాల పేటెంట్లు మన దేశానికి తిరిగి వచ్చాయి. చేను లేనప్పుడు కంచె అన్యాయమని, చేను వచ్చాక కంచె న్యాయమని అనడం మనిషికి సహజం. సహజమైనదల్లా ధర్మం కాదు. కౌలు అని ముందు నుంచీ అనుకుంటే రెండు మాటలు చెప్పవలసిన అవసరం రాదు: లోకానికి కొత్తది ఇచ్చినప్పుడు కొంతకాలం కంచె ఒప్పు; ఇవ్వనప్పుడు తప్పు; ఇచ్చినప్పుడు కూడా ఆకలిగొన్నవాడి దారికి అడ్డు రాకూడదు.

ఎల్లాప్రగడ సుబ్బారావుగారిని కూడా ఇక్కడ తలచుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టి, అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడిపించి, 1948లో అక్కడే కన్నుమూసిన మహానుభావుడు. బోదకాలుకు వాడే హెట్రజాన్, రక్తపు క్యాన్సరుకు వాడే మెథోట్రెక్సేట్ ఆయన నడిపిన బృందాల పనిలోంచి వచ్చాయి. మందులు సంస్థ పేర బజారుకు వెళ్లాయి. ఆయన పేరు చాలాకాలం సొంత ఊళ్లో కూడా తెలియదు. మన పెద్దలు విద్యను దొంగలెత్తుకుపోలేని ధనమన్నారు. ఎత్తుకుపోలేరు, నిజమే, కాని దాని మీద ఉన్న పేరు మాత్రం ఎవరూ ఎత్తుకుపోకుండానే, ఎవరికీ దురుద్దేశం లేకుండానే, కాగితం మీదికి ఎక్కకపోవడం వల్ల మాయమవుతుంది.

ఇప్పుడు మళ్లీ బల్ల మీది ఫారానికి వద్దాము. మన సమావేశంలో మసువోకాకు అన్యాయం జరిగిందనని వారు ఒక్కరూ లేరు. కాని మసువోకాను తలచుకుని నిట్టూర్చే మనమే, మన కింద పనిచేసేవాడి విషయంలో సంస్థ యజమాని వలె లెక్క కడుతున్నామా? పైకి చూసినప్పుడు పాలేరు, కిందికి చూసినప్పుడు కామందు. ఈ రెండు చూపులూ ఒకే మనిషిలో ఉండడం మన వంటి మధ్యతరగతి ఉద్యోగుల జబ్బు.

అయితే రెండు పేర్లు రాసేయడమే ధర్మమా? అంత తేలిక కాదు. ఇక్కడి చట్టం ప్రకారం కనిపెట్టినవాడంటే ఆవిష్కరణను నిజంగా రూపొందించినవాడు. లోపం ఎప్పుడు వస్తున్నదో గమనించడం వేరు, దానికి ఉపాయం రూపొందించడం వేరు. కనిపెట్టనివాని పేరు దయతో చేర్చినా అది అబద్ధమే. అబద్ధం వల్ల పేటెంటుకే ముప్పు రావచ్చు. కాని ఆ కుర్రవాడు గమనించి ఊరుకోలేదు. పాత బిళ్లలు ముందు వేసి యంత్రాన్ని పనికి సిద్ధం చేయడమనే ఉపాయం చేశాడు. మోటుదే కావచ్చు, ఉపాయమే. మన మిత్రుని పద్ధతి దాని నుంచి పెరిగినదా, దానిని తోసిపుచ్చినదా అన్నది చట్టం తెలిసినవారు తేల్చవలసిన సంగతి. తేల్చరాని వ్యక్తి ఒక్కరే ఉన్నారు: ఆ గడిలో తన పేరు ఒక్కటే ఉంటే లాభపడే మనిషి.

కనుక మాకు తోచిన మాట ఇది. ఎవరు రూపొందించారన్నది నిజానికి సంబంధించిన ప్రశ్న. ఎవరికి ఎంత బాకీ ఉన్నామన్నది రుణానికి సంబంధించిన ప్రశ్న. రెండింటినీ కలపరాదు. మొదటిదానికి జవాబు చెప్పడానికి, ఆవిష్కరణ ఎలా మొదలైందో రాయవలసిన చోట ఆ రాత్రి సంభాషణను, ఆ కుర్రవాని పేరుతో సహా, ఉన్నదున్నట్టు రాయాలి. తరువాత గడిలో ఒక పేరు నిలిచినా, రెండు నిలిచినా నిజం కాగితం మీద ఉంటుంది. రెండవదానికి చట్టం అడగదు. సంస్థ ఇచ్చే బహుమతి సొమ్ములో వాటా ఇవ్వడం, అతని పై అధికారికి మంచి మాట రాయడం, వేరే ఉద్యోగానికి వెళ్లినప్పుడు చూపించుకునే ఉత్తరం ఇవ్వడం మన చేతిలోని పనులు. ఆవిష్కరణ సొమ్మును సంస్థకు రాసి ఇచ్చినా, పేటెంటులో తన పేరు ఉండే హక్కు కనిపెట్టినవాడిదేనని ఇక్కడి చట్టం కూడా ఒప్పుకున్నది. పేరుకు సొమ్ముతో పని లేని విలువ ఉన్నదని చట్టానికే తెలిసినప్పుడు మనకు తెలియకపోతే ఎలా?

ఈ వ్యాసం రాయడానికి ముందు ఆ మిత్రుని మేము ఒక సంగతి అడిగాము. "ఈ ఫారం విషయం ఆ అబ్బాయికి తెలుసునా?" అని. ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. "లేదండీ. చెప్పాలని తోచలేదు" అన్నాడు.

పేటెంటు అంటే తెరచిన లేఖ అని చెప్పుకున్నాము. ఆ కాగితం రేపు అచ్చయితే అమెరికాలోని వాడు చదువుతాడు, జపానులోని వాడు చదువుతాడు, పోటీ సంస్థల వకీళ్లు అక్షరం అక్షరం చదువుతారు. లోకానికంతటికీ తెరచి ఉండే ఆ సంగతి తెలియనిది, రాత్రి షిఫ్టులో అదే యంత్రం ముందు నిలబడే కుర్రవాడికి. ఒక పేరా, రెండు పేర్లా అన్న వాదన తరువాత చేసుకోవచ్చు. ముందు అతనికి చెప్పాలి.